లూప్ లైనులో తంగేడు

మా ఆయన సోమలింగం పోయింది ఆదివారం పొద్దున. ఆదివారం ఇంటర్‌సిటీ రైల్లో నెల పాసుల వాళ్లెవరూ ఎక్కరు కాబట్టి, ఆ కబురు సోమవారం దాకా బండికి తెలియలేదు.

సోమవారం నవసారిలో ఎక్కిన రసిక్‌భాయ్ ఎప్పటిలాగే ఎడమవైపు కిటికీ సీటు మీద తన రుమాలు పరిచాడట. ఉధనాలో మా ఆయన ఎక్కలేదు. నిద్ర పట్టేసి ఉంటుంది, ఆటోలో సూరత్ స్టేషన్‌కు వచ్చి అందుకుంటాడు అనుకున్నారట. సూరత్‌లోనూ ఎక్కలేదు. నిలబడ్డవాళ్లు సణిగారు, ఒకరిద్దరు తిట్టారు. అయినా రుమాలు తియ్యలేదు. కిమ్ దాటాక ఫోన్ చేస్తే మా హారతి ఎత్తింది. "పప్పా లేరు అంకుల్" అని, ఇంకేం చెప్పాలో తెలియక పెట్టేసింది. ఆ తర్వాత అంక్లేశ్వర్ దాకా ఆ సీటులో ఎవరూ కూర్చోలేదట.

ఇదంతా రసిక్‌భాయ్ నాతో చెప్పింది దినాల రోజున. వాళ్ల మండలి, అంటే రోజూ కలిసి కూర్చునే పాసుల వాళ్ల జట్టు, మొత్తం సూరత్ డిండోలిలోని మా ఇంటికి వచ్చింది. షామియానా కింద కుర్చీల్లో, రైలు పెట్టెలో కూర్చునే వరుసలోనే కూర్చున్నారు. చివర ఒక కుర్చీ ఖాళీగా వదిలారు. కావాలని వదిలారని నేననుకోను. అలవాటు.

మా మామగారు సిరిసిల్ల నుంచి సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, నేయడానికి ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన కొడుకు సాంచాల జోలికి పోకుండా అంక్లేశ్వర్‌లో రంగులు తయారుచేసే కంపెనీలో చేరాడు. నేను కిమ్‌లో, మన నేతవాళ్ల పిల్లల కోసం నడిపే చిన్న తెలుగు బడిలో పాఠాలు చెబుతాను. ఇలా రోజూ రైల్లో పోయివచ్చేదాన్ని ఇక్కడ 'అప్‌డౌన్' అంటారు. ఏం చేస్తారని అడిగితే కొందరు ఉద్యోగం పేరు కంటే ముందు అప్‌డౌన్ చేస్తానని చెబుతారు. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే బండిలో అప్‌డౌన్ చేశాం. ఒకే పెట్టెలో ఒక్కనాడూ కూర్చోలేదు. ఆయన మండలితో జనరల్ పెట్టెలో, నేను ఆడవాళ్ల పెట్టెలో. పొద్దున నేను కిమ్‌లో దిగేసరికి ఆయన తన పెట్టె తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తేవాడు. సాయంత్రం అంక్లేశ్వర్ నుంచి వచ్చే బండి కిమ్‌లో ఆగగానే మళ్లీ అదే తలుపు దగ్గర కనబడేవాడు.

"పక్కపక్కన కూసుంటే ఇంట్ల మాట్లాడుకునేటియన్ని బండిలనే అయిపోతయి. ఇంటికి పోయినంక గోడలు చూసుకుంట కూసోవాలె" అనేవాడు.

*

జూన్‌లో బడి తెరిచారు. మొదటి రోజు ఉధనా ప్లాట్‌ఫారం మీద నిలబడి, బండి వస్తుంటే తల దించుకున్నాను. ఆడవాళ్ల పెట్టె నా ముందే ఆగింది. ఎక్కగానే మంజుబెన్ జరిగి చోటిచ్చింది. కిమ్‌లో ఒక ఆస్పత్రిలో ఆయా ఆమె. ఒళ్లో వెల్లుల్లి సంచి ఉంది. ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. సగం వెల్లుల్లిని నా చున్నీలో పోసి, "చేతులు ఊరికే ఉంచకు టీచర్‌బెన్. ఒలువు" అంది.

కిమ్ దాకా ఒలిచాను. పొట్టు కిటికీలోంచి పారేశాను. ఆ పని లేకపోతే ఆ రోజు నేను కిమ్‌లో దిగేదాన్నో లేదో చెప్పలేను.

ఆ బండి గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫ్యాన్ రెక్కను దువ్వెనతో నెడితే గానీ తిరిగేది కాదు. అందుకోసం ఒక పాత దువ్వెనను ఎవరో దారం కట్టి అక్కడే వేలాడదీశారు. వాన వస్తే కప్పు కారేది. ఏ సీటు మీద కారుతుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ సీటులో కూర్చున్నవాళ్లు కొత్తవాళ్లని అర్థం. కిటికీ షట్టరు ఎత్తాలంటే మొదట కిందికి గట్టిగా లాగి, తర్వాత పైకెత్తాలి. నీలం రంగు మీద నీలం రంగు వేసీ వేసీ గోడలు మందమయ్యాయి. అయినా ఆ గోడకు తల ఆనించి నిద్రపోయిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. హారతి కడుపులో ఉన్నప్పుడు ఆ పెట్టెలోనే గుజరాతీ ఆడవాళ్లు నా ఒడి నింపి పాటలు పాడారు. అప్పుడు బండి వాళ్ల కోసమే అన్నట్టు ఎక్కడో చాలాసేపు నిలిచిపోయింది.

నిలిచిపోవడం దాని స్వభావం. వేగంగా పోయే ఏ బండి వెనక నుంచి వచ్చినా ఇంటర్‌సిటీని ఒక పక్కకు తప్పించి ఆపేసేవారు. సాయంత్రం పూట పానోలి దాటాక ఒక చిన్న స్టేషన్‌లో లూప్ లైనులో పెట్టేవారు. పెద్ద బండి దూసుకుపోయాక మనల్ని వదిలేవారు. నేను ఎక్కేది కిమ్‌లో కాబట్టి ఆ ఆగే చోటును నేనెప్పుడూ చూడలేదు. ఆలస్యమెందుకైందని అడిగితే మా ఆయన "పెద్దోళ్లకు తొవ్వ ఇచ్చినం" అనేవాడు.

*

ఆషాఢంలో వానలు బాగా పట్టుకున్నాక ఆ వార్త వచ్చింది. ఇంటర్‌సిటీకి కొత్త పెట్టెలు. మొదట హారతి ఫోన్‌లో చూసింది. అది పదకొండో తరగతి చదువుతోంది. ఇంట్లో సగం తెలుగు, సగం హిందీ.

"మమ్మీ, ఫుల్ ఏసీ. తలుపులు వాటంతటవే మూసుకుంటయి. ఛార్జింగ్ పాయింట్ ప్రతి సీటుకు. ఔర్ క్యా చాహియే?"

"కిటికీలు?"

"పెద్ద అద్దాలు. తెరవడానికి రాదు. ఏసీ కదా."

మర్నాడు పెట్టెలో మంజుబెన్‌కు ఈ మాట చెబితే చాలాసేపు ఆలోచించింది. "మరి పొట్టు ఎక్కడ పారేస్తాం?" అంది.

సాయంత్రం ఉధనాలో దిగినప్పుడు రసిక్‌భాయ్ కూడా దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, బండి కదిలేదాకా నాతో మాట్లాడాడు. ఆయనది గుజరాతీ, హిందీ కలిసిన మాట. మోకాళ్ల నొప్పులు. అయినా ప్రతి స్టేషన్‌లో దిగి ఎక్కడం ఆయనకు సరదా.

"విన్నారు కదా భాభీ. కొత్త బండి లూప్‌లో ఆగదట. దానికే మిగతావి దారి ఇస్తాయట. మన ఇంటర్‌సిటీకి ప్రమోషన్ వచ్చింది" అని నవ్వి, ఆ నవ్వు ముగియకముందే ఆపేశాడు. "సోమభాయ్ ఉంటే ఏమనేవాడో."

ఏమనేవాడో నాకూ తెలియదు. బండి మారుతుందంటే నాకు ముందు ఆ తలుపు గుర్తొచ్చింది. కొత్త బండి తలుపు దగ్గర ఎవరూ నిలబడలేరు.

*

మా గల్లీలో అందరూ మనవాళ్లే. బతుకమ్మ పండుగకు ఆ గల్లీ మొత్తానికి తంగేడు పువ్వు తెచ్చేది మా ఆయన. ఈ ఊళ్లో బంతి, చామంతి కావలసినంత దొరుకుతాయి. తంగేడు అమ్మరు. కొనేవాళ్లు మనం తప్ప ఎవరూ లేరు. పండుగ మొదలయ్యే పెత్రమాసకు ముందురోజు సాయంత్రం, బండి కిమ్‌లో ఆగగానే ఆయన చంకలో తడి గోనెపట్టాతో దిగి పరుగున వచ్చేవాడు. ఆడవాళ్ల పెట్టె కిటికీ ఊచల మధ్య నుంచి తంగేడు కొమ్మలు ఒక్కొక్క కట్టగా నా చేతికి అందించి, మళ్లీ తన పెట్టెకు పరుగెత్తేవాడు. మగవాళ్ల దగ్గర పెడితే నలిగిపోతాయని ఆయన భయం. ఉధనా దాకా ఆ పువ్వు నా ఒళ్లో ఉండేది. రాత్రికి గల్లీలో ఇంటింటికి ఇన్ని పంచేవాళ్లం. తెల్లవారి ప్రతి ఇంటి ఎంగిలిపూల బతుకమ్మలో అడుగు వరుస ఆయన తెచ్చిన తంగేడే.

ఎక్కడ కోస్తావని అడిగితే "బండి ఆగిన కాడ" అనేవాడు.

శ్రావణం వెళ్లాక ఒక పొద్దున ఎదురింటి వజ్రమ్మ నీళ్ల బిందెతో మా గడప దగ్గర ఆగింది.

"టీచరమ్మా, నిన్నేం అడుగుతలేను. మార్కెట్ల బంతి దొరుకుతది, చామంతి దొరుకుతది. తంగేడు లేకుంటె లేకపాయె. ఈ ఏడుకు నడిపిస్తం."

లోపలి నుంచి మా అత్తమ్మ వెంకటవ్వ అంది: "అడగనంటనే అడిగినవు గదనే వజ్రా."

"అయ్యో, నేనేమన్న పెద్దవ్వా."

"నువ్వనలే, నీ బిందె అన్నది. చూడు బిడ్డా నీరజా, యాడాది ఎల్లేదాక మన వాకిట్ల బతుకమ్మ పేర్చేది లేదు. పండుగ లేనప్పుడు మనకు పువ్వెందుకు? గల్లీల వాళ్లు ఏమన్న చేసుకోని."

హారతి మంచం మీద నుంచి తలెత్తింది. "నాయినమ్మా, పేర్చకుంటె సరే. ఆడనన్నా ఆడొచ్చు కదా?"

"జర ఆగు" అంది అత్తమ్మ. అది అవునో కాదో చెప్పలేదు.

ఆ రోజంతా బడిలో నాకు ఒకటే ఆలోచన. మా ఇంట్లో పేర్చకపోవడం ఆచారం, దాన్ని నేను కాదనను. కానీ ఆయన తెచ్చేది మా ఇంటికి మాత్రమే కాదు. కొత్త బండి వచ్చాక ఆ పువ్వు ఇక రాదు. వచ్చే ఏడు మా వాకిట్లో పేర్చే రోజుకు లూప్‌లో ఆగే బండే ఉండదు. ఆయన చేసిన పని ఒక్కసారి, చివరిసారి, నా చేత్తో జరగాలనిపించింది. ఆ చోటు కళ్లతో చూడాలనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే చూడాలన్నదే ముందు.

అప్పటికి తేదీ కూడా తెలిసింది. పాత పెట్టెలకు శనివారం ఆఖరు. ఆదివారం నుంచి కొత్త బండి. ఆదివారమే పెత్రమాస.

*

నేను ఎవరికీ ఏమీ చెప్పకముందే, ఒక సాయంత్రం కిమ్‌లో బండి ఆగగానే రసిక్‌భాయ్ కుంటుకుంటూ ఆడవాళ్ల పెట్టె దగ్గరకు వచ్చాడు. వెనక ఇక్బాల్‌భాయ్, ఆయన చేతిలో ఉబ్బిన ప్లాస్టిక్ సంచి. ఇక్బాల్‌భాయ్ మండలిలో పేకాట పెద్ద.

"భాభీ, సోమభాయ్ పని మేం మరిచిపోలేదు" అన్నాడు రసిక్‌భాయ్, వగరుస్తూ. "ఇది శాంపిల్. శనివారం బస్తా నిండా తెస్తాం."

"ఈయన మోకాళ్లతో లూప్‌లో దిగాడు భాభీ" అన్నాడు ఇక్బాల్‌భాయ్. "ఎక్కించడానికి నలుగురం లాగాం. పువ్వుల కంటే ఈయనే బరువు."

సంచి ఊచల్లోంచి పట్టలేదు. తలుపు దగ్గరకు వెళ్లి అందుకున్నాను. మూతి తెరవకముందే వాసన వచ్చింది.

కసివింద. పసుపు పచ్చని పువ్వే, అయిదు రెక్కలే. కానీ కసివింద. ముట్టుకుంటే చేతికి పట్టుకునే ఆ వెగటు వాసన తెలియనివాళ్లు మనలో ఉండరు.

"అదేనా?" అన్నాడు రసిక్‌భాయ్. చొక్కా చేతులకు పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి.

"చాలా బాగున్నాయి భాయ్" అన్నాను.

పెట్టెలో ఆడవాళ్లు చెంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మంజుబెన్ ఆ సంచి వైపు, నా వైపు చూసి, "మీ దేవతకు ఇది ఇష్టమా?" అని మర్యాదగా అడిగింది. నాకు నవ్వు వచ్చింది. వేసవిలో ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. ఆపుకోలేకపోయాను. మంజుబెన్ కూడా నవ్వింది. ఎందుకో తెలియకుండానే పెట్టె సగం నవ్వింది.

ఇంటికి తెచ్చాను. పారేయబుద్ధి కాలేదు. అత్తమ్మ వాకిట్లోనే పసిగట్టింది.

"గిదేందే? బతుకమ్మను కసివిందతోని పేరుస్తరా ఎక్కడన్న? గౌరమ్మ లేచి ఉరుకుతది."

వజ్రమ్మ బయటికి వచ్చి చూసి, గోడ పట్టుకుని నవ్వింది. "గుజరాతోళ్లు మంచోళ్లే టీచరమ్మా, ముక్కులే లేవు" అంది.

హారతికి మాత్రం కోపం వచ్చింది. "అది కాదని చెప్పొచ్చు కదా మమ్మీ వాళ్లకు. సింపుల్ బాత్ హై."

"నొప్పి మోకాళ్లతో దిగి కోసిండు. ఎట్ల చెప్తనే?"

"మరి శనివారం బస్తా తెస్తరు. అప్పుడు?"

అప్పుడు నేనే వాళ్లతో ఉండాలి. ఆ మాట పైకి అనలేదు గానీ అత్తమ్మ వినేసినట్టుంది. సంచి తీసుకుపోయి దూరంగా పెంటమీద పోసి వచ్చి, చేతులు కడుక్కుంటూ అంది: "వానికి ఒక్కనికే ఎరుక ఆ జాగా. పోతె పొద్దుగల్ల పో. చీకటైతె తంగేడేదో కసివిందేదో నీకూ తెల్వది."

*

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ప్యాసింజర్‌లో కిమ్ దాటి అంక్లేశ్వర్ వెళ్లాను. ఆయన రోజూ దిగే ప్లాట్‌ఫారం మీద మొదటిసారి నిలబడ్డాను. మండలి వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. నన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపడలేదు, లేదా పడ్డట్టు కనిపించలేదు.

బండి వచ్చింది. ఇంజనుకు ఎవరో బంతిపూల దండ వేశారు. పెట్టెల మీద సుద్దముక్కతో గుజరాతీలో 'ఆవ్‌జో' అని రాశారు. మళ్లీ రమ్మని. మండలి పెట్టెలో ఫ్యాన్లకు కాగితపు తోరణాలు కట్టారు. ఇక్బాల్‌భాయ్ సూరత్ నుంచి పొద్దునే తెచ్చి దాచిన శనగపిండి లోచో పొట్లాలు చల్లారిపోయాయి, అయినా అందరూ తిన్నారు. భజన తాళాలు మోగుతున్నాయి.

ఎడమవైపు కిటికీ సీటు మీద రుమాలు ఉంది.

నేను ఎదురు సీటు అంచున కూర్చోబోయాను. రసిక్‌భాయ్ ముందుకు వచ్చాడు. వంగి, ఆ రుమాలు తీసి, దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. కిటికీ చెక్క అంచు మోచెయ్యి ఆనే చోట నునుపుగా అరిగి ఉంది.

పానోలి దాటింది. తాళాలు ఆగిపోయాయి. అందరూ కిటికీల వైపు చూస్తున్నారు.

"ఇవాళ ఆపరు" అన్నాడు ఎవరో. "రిటైరయ్యే రోజున ఎవరైనా ముసలివాణ్ణి నిలబెడతారా?"

"నిలబెడతారు" అన్నాడు ఇక్బాల్‌భాయ్. "రిటైరయ్యే రోజునే ఎక్కువ నిలబెడతారు. దండ వేసి, ఉపన్యాసాలిచ్చి."

వేగం తగ్గింది. చక్రాల కింద చప్పుడు మారింది. పెట్టె మెల్లగా ఒక పక్కకు ఒరిగింది, అందరి భుజాలూ ఒకేసారి అటు వాలాయి.

"వచ్చేసింది" అన్నాడు రసిక్‌భాయ్. "సోమభాయ్ స్టేషన్."

ఆ పేరు వాళ్లు ఎప్పుడో పెట్టుకున్నారట. నాకు ఆ రోజే తెలిసింది.

బండి నిలిచింది. ఇక్బాల్‌భాయ్ ముందు దిగి చెయ్యిచ్చాడు. కంకర మీద చెప్పులు జారాయి. రసిక్‌భాయ్ వద్దన్నా వినకుండా తానూ దిగాడు. కాలవ గట్టు మీద పచ్చగా ఉన్న గుబురును గర్వంగా చూపించాడు. "అదిగో భాభీ."

కసివింద. కిందటిసారి తుంచిన కొమ్మలు కూడా కనిపించాయి. తల ఊపి, దాన్ని దాటి కాలవ అవతలికి వెళ్లాను. అక్కడ, పాత పట్టాలతో వేసిన కంచె వెంట, సాయంత్రపు ఎండలో తంగేడు పూసి ఉంది.

కొమ్మ వంచి తుంచాను. ఆ చప్పుడు, ఆ నారపట్టు, ఆకు వాసన. రసిక్‌భాయ్ కాలవ ఇవతల నిలబడి నా చేతిలో ఉన్నదాన్ని, తన పక్కన ఉన్నదాన్ని మార్చి మార్చి చూశాడు.

"భాభీ. మేం తెచ్చింది?"

"అదీ పువ్వే భాయ్."

"హే భగవాన్" అని నెమ్మదిగా అని, కంకర మీద కూలబడ్డాడు. ఇక్బాల్‌భాయ్ నవ్వి నవ్వి దగ్గాడు. "ఇన్నేళ్లు సీటు మేం పట్టుకున్నాం, ఆయన దిగి తెచ్చాడు. దగ్గరకు పోయి చూసిందెవరు భాభీ? పసుపు రంగు అని మాత్రమే తెలుసు."

గోనెపట్టా పరిచి కోస్తూ పోయాను. ఒక పొద అయిపోతే ఇంకొకటి ఉంది. దాని పక్కన ఇంకొకటి. అప్పుడు తలెత్తి చూశాను. కంచె వెంట ఇంజను వైపు కనిపించినంత దూరం, ఇటు చివరి పెట్టె దాకా, తంగేడు ఒకే వరుసగా ఉంది. దూరంగా పొలాల వైపు ఒక్క పొద కూడా లేదు.

"ఇంత వరుసగా ఎట్లా?" అన్నాను, నాకు నేనే అనుకున్నట్టు.

రసిక్‌భాయ్ లేచి కాలవ అంచుకు వచ్చాడు. "మొదట్లో ఒక్క చెట్టే ఉండేదట భాభీ, ఎక్కడో ముందర. బండి రోజూ ఒకే చోట ఆగదు కదా. ఒక ఏడు మా పెట్టె బాగా వెనక ఆగింది. సోమభాయ్ అంత దూరం పరుగెత్తి, కొయ్యకముందే హారన్ కొడితే, గుప్పెడు పూలతో తిరిగి వచ్చాడు. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాతి నుంచి చూసేవాళ్లం. ఎప్పుడు దిగినా ఎండు కాయలు ఏవో జేబులో వేసుకొచ్చేవాడు. బండి కదలగానే నలిపి ఆ కిటికీలోంచి ఇన్నిన్ని విసిరేవాడు, లూప్ అయిపోయేదాకా. ఏం పారేస్తున్నావని అడిగితే, వచ్చే ఏటివి అనేవాడు. మేం వేరుశనగ పొట్టు అనుకునేవాళ్లం."

అంటే మండలి పెట్టె ఎక్కడ ఆగినా దిగిన చోట తంగేడు ఉండాలని.

అంతలో నేల అదిరింది. పెద్ద బండి పక్క లైను మీద దూసుకుపోయింది. దుమ్ము, కాగితాలు, రాలిన పసుపు రెక్కలు కాసేపు గాలిలో తిరిగాయి. అది పోయాక నిశ్శబ్దంలో మా ఇంజను హారన్ కొట్టింది. గోనెపట్టా మూట కట్టాను. లేవబోతూ, కొమ్మలకు వేలాడుతున్న కిందటేటి ఎండు కాయలు గుప్పెడు తెంపాను.

ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. బండి కదిలింది. పొదలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. గుప్పిట ఊచల దగ్గర పెట్టాను. కాయలు గలగలమన్నాయి. రసిక్‌భాయ్ నా గుప్పిట వైపు చూసి, ముఖం తిప్పుకుని ఫ్యాన్ దువ్వెన సర్దసాగాడు.

ఇక్కడ ఇంకెవరు దిగుతారు?

పెట్టె మళ్లీ ఒరిగి, నిటారుగా అయ్యింది. మెయిన్ లైను వచ్చేసింది. కాయలు గుప్పిట్లోనే ఉన్నాయి.

*

కిమ్‌లో బండి ఆగగానే నేను మూటతో దిగి పరుగెత్తాను. మంజుబెన్ అప్పుడే ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంటోంది. ఊచల మధ్య నుంచి ఒక్కొక్క కట్ట అందించాను.

"మగాళ్ల పెట్టెలో నీకేం పని టీచర్‌బెన్?" అంది, కట్టలు ఒళ్లో పేర్చుకుంటూ. తర్వాత వాసన చూసింది. "ఆ, ఇది దేవత ఒప్పుకుంటుంది."

"నలగనియ్యకు" అన్నాను. అని, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి, మళ్లీ మండలి పెట్టెకు పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో తెలియదు. ఆడవాళ్ల పెట్టెలోనే ఎక్కి ఉండవచ్చు. కానీ బండి కదిలేటప్పుడు ఆ తలుపు దగ్గర నిలబడాలనిపించింది. నిలబడ్డాను.

ఉధనాలో దిగి, మంజుబెన్ దగ్గర కట్టలు గోనెపట్టాలోకి తీసుకున్నాక, మండలి వాళ్లు కిటికీల్లోంచి చేతులు చాపి ఊపారు. నవసారి వైపు బండి పోయింది. చివరి పెట్టె వెనక ఎర్ర దీపం కనిపించినంతసేపు ప్లాట్‌ఫారం మీద చాలామంది కదలలేదు. ఆటోవాళ్లు కూడా కేకలు వేయలేదు.

డిండోలికి చేరేసరికి గల్లీ ఆడవాళ్లు వాకిళ్లలో ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అత్తమ్మ మూట విప్పి, ఒక్క కొమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని, వజ్రమ్మను పిలిచింది.

"దా. తీసుకపో. బిందె అడిగింది గదా."

వజ్రమ్మ చెంగు పట్టింది. పువ్వులు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. హారతి మిగతా ఇళ్లకు పంచి వచ్చింది.

మర్నాడు పెత్రమాస. మా ఆయన పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చాం. బియ్యం, కూరగాయలు, పప్పు పెట్టిన చాట మీద అత్తమ్మ చివరికి ఒక తంగేడు కొమ్మ పెట్టింది. అలా పెట్టే ఆచారం లేదని నాకు తెలుసు. అయ్యగారు దాని వైపు చూసి, చాట అందుకున్నాడు.

సాయంత్రం గల్లీలో బతుకమ్మలు వరుసగా దించారు. అన్నిటికీ అడుగున పసుపు వరుస. మా వాకిలి ఖాళీగా ఉంది. హారతి మెట్టు మీద మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. చప్పట్లు మొదలయ్యాయి. కాసేపు చూసి అత్తమ్మ దాని వీపు మీద తట్టింది.

"పేర్చేది లేదన్న గని, చప్పట్లు గొట్టద్దన్ననా? పో."

హారతి చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

*

కొత్త బండి బాగుంది. చల్లగా ఉంటుంది, టైముకు వస్తుంది. మంజుబెన్ పొట్టు కోసం ఒక డబ్బా తెచ్చుకుంటోంది. ఫ్యాన్ లేదు కాబట్టి దువ్వెన అక్కరలేదు. నిద్రపోదామంటే ప్రతి స్టేషన్ ముందూ ఒక గొంతు పేరు చెబుతుంది. మండలికి ఒక్కచోట సీట్లు దొరకడం లేదు, ఇద్దరొక చోట, ముగ్గురొక చోట కూర్చుంటున్నారు. ఉధనాలో ఒకరోజు రసిక్‌భాయ్ కనిపించి, "ఇప్పుడు అక్కడ ఒరగడం లేదు భాభీ. ఎప్పుడు దాటిందో కూడా తెలియడం లేదు. అద్దంలోంచి పసుపు రంగు ఒక గీత కనబడుతుంది, అంతే" అన్నాడు.

వచ్చే ఏడు పెత్రమాసకు మా వాకిట్లోనూ బతుకమ్మ పేర్చాలి. గోనెపట్టా ఉతికి ఆరేసి మడిచి పెట్టాను. కాయలు నా చేతిసంచి పక్క జేబులో ఉన్నాయి. నడిస్తే చప్పుడవుతాయి. మొన్న అత్తమ్మ విని, "ఏడ చల్లుతవ్ బిడ్డా?" అని అడిగింది.

ఇంకా ఎక్కడా చల్లలేదు.